పాలపండ్లు రాలిపోయేవే కదా అనవద్దు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ పంతులు మైకు ముందుకు వచ్చినాడంటే ఇక్బాల్ మీదనో గాలిబ్ మీదనో మాట్లాడతాడని మీరు అనుకొని ఉంటారు. మేము ఈ రోజు పసిబిడ్డల పండ్లను గురించి మాట్లాడదలచుకున్నాము. వైద్యం మా వృత్తి కాదు. అయితే చిన్న తరగతుల్లో రోజూ ముప్పై నలభై నోళ్ళు తెరిపించి అక్షరాలు పలికించే వృత్తి మాది. లెక్క చూస్తే రామసముద్రంలో పిల్లల నోళ్ళు అందరికంటే ఎక్కువగా చూసేది పంతుళ్ళేనేమో! తెలుగులో ఎందుకు మాట్లాడుతున్నామంటే, ఇంట్లో ఉర్దూ మాట్లాడినా చదువుకున్నది తెలుగే అయిన తల్లులు మనలో ఎక్కువ. రేపు సావనీరులో అచ్చయినాక ఇది చదువుకోవలసింది వారే.

బడిలో మాకు ఎదురయ్యే సంగతి మొదట మనవి చేస్తాము. అరబ్బీ ఖాయిదా చెప్పేటప్పుడు సే, జాల్, జోయ్ అనే మూడు అక్షరాలు ఉన్నాయి. నాలుక కొన పై ముందుపండ్ల అంచుకు తగిలితేనే అవి సరిగా పుడతాయి. ఫే అనే అక్షరానికి పైపండ్ల అంచు కింది పెదవి లోపలికి ఆనవలె. ఇది ఖురాన్ చదివేవారి నియమం మాత్రమే అనుకోవద్దు. తెలుగు వ్యాకరణం తెరిచినా అదే మాట. త, థ, ద, ధ, న, ల, స అనే వాటికి దంత్యాలు అని పేరు పెట్టినారు. వ అనేదాన్ని దంతోష్ఠ్యం అన్నారు, అనగా పన్నూ పెదవీ కలిస్తే పుట్టేది. ఏ భాష వారైనా అక్షరానికి ఇల్లు నోట్లోనే కట్టినారు, ఆ ఇంటికి ముందు గోడ పండ్లే.

ఇప్పుడు ఐదేళ్ళ బిడ్డ మా ముందు నిలబడి ఫే అనబోతే గాలి పోతున్నది. పైన ముందున్న నాలుగు పండ్లు ఊడి పడలేదు, పుచ్చి పుచ్చి చిగురు దాకా అరిగిపోయి నల్లటి మోళ్ళుగా మిగిలినవి. చాలామంది పిల్లలు నాలుకను అటూ ఇటూ సర్దుకొని ఏదో ఒకవిధంగా పలికేస్తారు, అది వేరే సంగతి. కానీ ఒక ఆడబిడ్డ పాఠం చదవమంటే అరచేయి నోటికి అడ్డం పెట్టుకొని చదివేది. బాగా చదివే బిడ్డ. చేయి తీయమంటే చదువు ఆపేది. పక్క పిల్లలు ఏమన్నారో మేము విననక్కరలేదు, ఆ చేయి చూస్తేనే తెలిసిపోయింది.

తల్లిని పిలిపించి అడిగితే ఆమె చెప్పిన మాట మీ అందరి ఇళ్ళలోనూ వినేదే. "దూద్ కే దాంతాఁ, సాబ్! గిర్‌నేకేచ్ హైఁ నా?" పాలపండ్లే కదా సారూ, ఎట్లా రాలిపోయేవే కదా. ఇక్కడే మనం పొరపడుతున్నాం. ఈ రోజు మా మాట అంతా ఈ ఒక్క పొరపాటు మీదనే.

రాలిపోయేవి, నిజమే. ఎప్పుడు రాలిపోయేవి? ముందుపండ్లు ఆరేడు సంవత్సరాలకు రాలుతాయి. కానీ వెనక దవడపండ్లు పది, పదకొండు, కొందరికి పన్నెండు సంవత్సరాల దాకా ఉండవలసినవి. రెండున్నరేళ్ళకు వచ్చిన దవడపన్ను ఐదవ తరగతి పూర్తయ్యేదాకా సంగటి నమలవలె, చెనిక్కాయలు కొరకవలె. పది సంవత్సరాలు ఉండబోయే ఎద్దును, ఎట్లా ముసలిదవుతుందిలే అని మేత వేయకుండా ఎవరైనా వదిలేస్తారా? పైగా ప్రతి పాలపన్ను కిందా చిగురులో ఒక శాశ్వత పన్ను తయారవుతూ ఉంటుంది. పైనున్నది దాని స్థలాన్ని పట్టి ఉంచుతుంది. దవడపన్ను ముందుగానే పీకించవలసి వస్తే పక్క పండ్లు ఆ సందులోకి జరుగుతాయి, వెనక వచ్చేది చోటు లేక వంకరగా వస్తుంది. పాలపన్ను వేరుకు చీము పడితే ఆ చీము కిందున్న పన్నును కూడా చెరుపవచ్చు. ఇక నొప్పి మాట. పంటినొప్పితో రాత్రంతా నిద్రలేని బిడ్డ పొద్దున బడిలో ఏమి వింటుంది? ఒకవైపే నమిలి, చివరకు నమలడమే మానేసి, టీలో అద్దిన బిస్కత్తు మాత్రం అడిగే పిల్లలు మా తరగతిలో ఉన్నారు. వాళ్ళకు ఒళ్ళు పట్టడం లేదని తాయెత్తులు కట్టిస్తారు. నోరు తెరిచి చూసినవారు లేరు.

పాలపండ్లు మొత్తం 20. సాధారణంగా ఆరో నెల ప్రాంతంలో కింద ముందుపండ్లు రెండు వస్తాయి, తరువాత పై ముందుపండ్లు. సంవత్సరం దాటినాక మొదటి దవడపండ్లు, ఆ తరువాత కోరపండ్లు, రెండున్నర సంవత్సరాలకు చివరి దవడపండ్లు. నాలుగు నెలలకే వచ్చేవారూ ఉన్నారు, సంవత్సరానికి వచ్చేవారూ ఉన్నారు, కంగారు పడనక్కరలేదు. ఏడాదిన్నర నిండినా ఒక్క పన్నూ రాకపోతే డాక్టరుకు చూపించండి. బిస్మిల్లా వేడుక మనం 4 సంవత్సరాల 4 నెలల 4 రోజులకు చేస్తాం కదా. ఆ రోజు బిడ్డకు కొత్త బట్టలు వేసి, పలక మీద మొదటి అక్షరం దిద్దించే ముందు నోరు తెరిపించి లెక్కపెట్టండి. 20 ఉండవలె, ఇరవైయ్యీ తెల్లగా ఉండవలె.

పై పండ్లు ముందు వస్తే మేనమామకు గండమని మన చుట్టుపక్కల ఒక మాట ఉంది. మన ఇళ్ళలోకీ వచ్చింది. మేనమామకు ఏ గండమూ లేదు. అక్క బిడ్డకు కలకండ పొట్లం తెచ్చే మేనమామ వల్లనే బిడ్డ పండ్లకు గండం!

పుచ్చు ఎట్లా పడుతుందో తెలిస్తే జాగ్రత్త అదే వస్తుంది. పన్నులో పురుగు ఉంటుందని మన పెద్దలు నమ్మినారు. మనవారే కాదు, ప్రపంచమంతా నమ్మింది. జాతరల్లో, సంతల్లో వాకుడుకాయ గింజలు కాల్చి పొగ పట్టించి, నీటి గిన్నెలో తెల్లటి పురుగులు పడినవని చూపేవారిని మనలో పెద్దవారు చూసే ఉంటారు. అవి పురుగులు కావు, కాలిన గింజలోనుంచి బయటపడిన మొలకలు. 1728లోనే పియర్ ఫోషార్ అనే ఫ్రెంచి దంతవైద్యుడు తాను పండ్లలో పురుగు చూడలేదని రాసినాడు. 1890లో బెర్లిన్‌లో పనిచేస్తున్న మిల్లర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు అసలు సంగతి బయట పెట్టినాడు. నోట్లో కంటికి కనపడని సూక్ష్మజీవులు ఉన్నవి. మనం తిన్న తీపి, పిండి పదార్థం వాటికీ మేత. అవి తిని ఆమ్లం, అనగా పులుపు, తయారుచేస్తాయి. ఆ పులుపు పన్ను పై పింగాణీని కరిగిస్తుంది. మజ్జిగ పులిసి ఇత్తడి గిన్నెకు చిలుము పట్టడం ఎరుగుదుము కదా, ఇంచుమించు అదే పని. పాలపండ్ల పింగాణీ పెద్దపండ్ల దానికంటే పలుచన. కాబట్టి పెద్దవాళ్ళకు రెండేళ్ళు పట్టే పుచ్చు పసిబిడ్డకు కొన్ని నెలల్లోనే నరం దాకా పోతుంది.

పగలంతా నోట్లో ఊరే ఉమ్మి ఈ పులుపును కడిగేస్తూ ఉంటుంది. నిద్రలో ఉమ్మి ఊరడం తగ్గిపోతుంది. అందుకని రాత్రి నోట్లో నిలిచిన తీపి పగటి తీపికంటే చాలా ఎక్కువ చెరుపు చేస్తుంది. ఇప్పుడు ఆలోచించండి. చక్కెర కలిపిన పాలసీసా నోట్లో పెట్టుకొని బిడ్డ నిద్రపోతే ఏమవుతుంది? చప్పరించడం ఆగిపోతుంది, పాలు మాత్రం పై ముందుపండ్ల చుట్టూ మడుగు కట్టి తెల్లవార్లూ ఉంటాయి. కింది పండ్లకు నాలుక అడ్డం ఉంటుంది గనుక అవి కొంత తప్పించుకుంటాయి. మా తరగతిలో నల్లబడినవన్నీ పై నాలుగు పండ్లే ఎందుకు అయినవో మీకు ఇప్పుడు తెలిసింది.

సీసాను మేము ఊరికే తిట్టడం లేదు. టమోటా కోతకు, మల్బరీ తోటకు చీకటితోనే బయలుదేరవలసిన తల్లి, రాత్రి బిడ్డ ఏడిస్తే ఏమి చేస్తుంది? సీసా నోట్లో పెట్టి పడుకోబెడుతుంది. అత్తగారు లేచి ఎత్తుకోరు, భర్త లేచి ఎత్తుకోడు. రేపు పండ్లు పుచ్చితే మాత్రం "నీ పెంపకం" అని కోడల్ని అంటారు. ఈ అన్యాయం గురించి పరదాకు ఇవతల కూర్చున్నవారికే మేము చెబుతున్నాము. రాత్రి ఒకసారి బిడ్డను భుజం మీద వేసుకొని తిప్పడానికి అబ్బాజాన్‌కు ఏ అడ్డమూ లేదు.

తల్లిపాలు మాన్పించమని దీని అర్థం కాదు. రెండు నిండు సంవత్సరాల పాటు పాలివ్వడం మన ధర్మంలో చెప్పిన సంగతే. ఈనాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప వేరేమీ వద్దని, తరువాత ఇతర ఆహారంతో పాటు రెండేళ్ళు, ఆపైన కూడా ఇవ్వవచ్చునని చెబుతున్నది. పాలసీసాలకు, డబ్బాపాలకు ప్రకటనలు ఇవ్వరాదని మన దేశంలో 1992లో చట్టమే వచ్చింది. కాబట్టి తల్లిపాలకు సాటి లేదు. పండ్లు వచ్చినాక రాత్రి పాలు తాగిన బిడ్డకు తడిగుడ్డతో పండ్లు తుడవండి, అంతే. తప్పనిసరై సీసా పట్టినా చక్కెర, హార్లిక్స్ వంటివి కలపకండి, నిద్ర పట్టగానే సీసా తీసేయండి, రాత్రి దప్పికకు నీళ్ళే ఇవ్వండి. సంవత్సరం నిండగానే గ్లాసు అలవాటు చేయండి. మన పుంగనూరు ఆవు పాలకు చక్కెర ఎందుకు చెప్పండి? చక్కెర అలవాటు చేసేది మనం. అలవాటు లేని బిడ్డ అడగనే అడగదు.

పండ్లు రాకముందే పని మొదలు పెట్టవలె. పాలు తాగినాక శుభ్రమైన మెత్తని గుడ్డ వేలికి చుట్టి, కాచి చల్లార్చిన నీటిలో తడిపి చిగుళ్ళు సుతారంగా తుడిస్తే చాలు. నోట్లో వేలు పెట్టించుకోవడం బిడ్డకు అలవాటవుతుంది. ఆ అలవాటే తరువాత బ్రష్షుకు దారి. మొదటి పన్ను కనపడిన రోజు నుంచి చిన్నపిల్లల మెత్తటి బ్రష్షు. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు మూడేళ్ళలోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత. టీవీ ప్రకటనలో బ్రష్షు పొడవునా వంపులు తిప్పి వేస్తారు చూడండి, అది పేస్టు త్వరగా అయిపోవడానికి! పొద్దున ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి. రెండిట్లో ఒకటే కుదురుతుందంటే రాత్రిది వదలకండి. బిడ్డను ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకొని, తల మీ పొట్టవైపు ఉంచి తోమితే లోపలి పండ్లు కూడా కనిపిస్తాయి. ఏడెనిమిది సంవత్సరాలు వచ్చేదాకా పెద్దవాళ్ళే తోమవలె. చొక్కా గుండీలు తిన్నగా పెట్టుకోలేని చేతికి దవడపండ్లు తోముకోవడం రాదు.

పండ్లపొడుల మాట వస్తే, బొగ్గు, ఇటుకపొడి, రాళ్ళ ఉప్పు పిల్లల పండ్లకు పనికిరావు. అవి పింగాణీని గీకేస్తాయి. ఇంకొకటి చెప్పడానికి కాస్త మొహమాటంగా ఉన్నా చెప్పక తప్పదు. నశ్యంతో పండ్లు తోముకునే పెద్దమ్మలు మనలో కొందరు ఉన్నారు. అదే వేలు మనవడి నోట్లో పెట్టి ముద్దు చేస్తారు. పొగాకు బిడ్డకు విషం. మా నానీల కాలంలో పెళ్ళయిన స్త్రీలు మిస్సీ రాసుకొని పండ్ల సందులు నల్లగా చేసుకునేవారు, అది ఆ రోజుల్లో సింగారం. బిడ్డ పండ్లు నల్లబడితే అది మిస్సీ కాదు, సింగారం అంతకంటే కాదు.

మిస్వాక్ గురించి అడుగుతారని తెలుసు. మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లమ్ మిస్వాక్‌ను ఎంత ఇష్టపడినారో, నమాజుకు ముందు దానికి ఎంత విలువ ఇచ్చినారో మీకు మేము చెప్పనక్కరలేదు. అరబ్ దేశాల్లో పీలూ చెట్టు వేరు వాడతారు, హజ్జుకు పోయినవారు తెచ్చి పంచుతారు. మన ఊళ్ళలో వేపపుల్ల, కానుగపుల్ల. పెద్దవారు నిక్షేపంగా వాడండి. మూడేళ్ళ బిడ్డకు మాత్రం పుల్ల ఇచ్చి వదిలేయకండి. చిగురు గీసుకుంటుంది, నోట్లో పెట్టుకొని పరుగెత్తితే ఇంకా ప్రమాదం. కానీ మీరు వాడేటప్పుడు బిడ్డను పక్కన నిలబెట్టుకొని, తన చిన్న బ్రష్షు తన చేతికివ్వండి. నోరు శుభ్రంగా ఉంచుకోవడం ఇబాదత్‌లో భాగమని ఉపన్యాసంతో కాక చూపుతో నేర్చుకుంటుంది.

తహ్నీక్ విషయం కొంచెం జాగ్రత్తగా చెప్పవలసింది. పుట్టిన బిడ్డకు పెద్దవారొకరు ఖర్జూరం నమిలి ఆ రసం అంగిలికి రాయడం మన సున్నత్. దానికి మేము అడ్డు చెప్పే మనుషులం కాము. వైద్యులు చెప్పేది ఒక్కటే. పుచ్చు పుట్టించే సూక్ష్మజీవులు బిడ్డ నోట్లో పుట్టుకతో ఉండవు, పెద్దల ఉమ్మి ద్వారా వస్తాయి, ఎక్కువగా తల్లి నుంచి. కాబట్టి తహ్నీక్ చేసే పెద్దమనిషి ఆరోగ్యవంతుడై, మిస్వాక్ చేసి నోరు కడుక్కొని చేస్తే సున్నతూ నిలుస్తుంది, బిడ్డకూ క్షేమం. ఖర్జూరానికి బదులు తేనె రాసే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. సంవత్సరం లోపు బిడ్డకు తేనె చుక్క కూడా వద్దని ఈనాటి వైద్యులు గట్టిగా చెబుతున్నారు. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి పసిబిడ్డ పేగుల్లో విషం పుట్టించి కండరాలు చచ్చుబడేటట్లు చేయగలదు. ఇక ఆ ఒక్కరోజు సంగతి పోనివ్వండి, రోజూ చెంచా మనం నాకి బిడ్డకు పెట్టడం, అన్నం నమిలి పెట్టడం, కింద పడిన పాలపీక మన నోట్లో కడిగి ఇవ్వడం మానుకోవచ్చు కదా. కడుపుతో ఉన్నప్పుడే తల్లి తన పుచ్చుపండ్లకు వైద్యం చేయించుకుంటే బిడ్డ పండ్లకు కాపలా అప్పుడే మొదలైనట్లు.

పండ్లు వచ్చే రోజుల్లో బిడ్డ చొంగ కారుస్తుంది, చిరాకు పడుతుంది, దొరికినదాన్ని కొరుకుతుంది. చల్లటి తడిగుడ్డ కొరకనివ్వండి, శుభ్రమైన వేలితో చిగురు రుద్దండి. తేనెలో సుహాగా, అనగా వెలిగారం, కలిపి రాసే వైద్యం మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్నది. వెలిగారం పసిబిడ్డలకు విషమే, మూర్ఛలు తెప్పించగలదు. దయచేసి ఈ రోజుతో ఆపండి. దీనికంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి. విరేచనాలు పట్టినా, జ్వరం కాలిపోతున్నా "పండ్లొస్తున్నాయిలే" అని ఊరుకుంటారు. పండ్లు రావడం వల్ల గట్టి జ్వరం రాదు, నీళ్ళ విరేచనాలు కావు. ఆ వయసులో బిడ్డ నేల మీద పాకుతూ అన్నీ నోట్లో పెట్టుకుంటుంది, రోగం అక్కడినుంచి వస్తుంది. ఓఆర్‌ఎస్ పొట్లం కలిపి తాగిస్తూ వెంటనే ఆసుపత్రికి పోవలె. పన్ను మీద నింద వేసి రెండు రోజులు ఆగితే బిడ్డే దక్కకపోవచ్చు. పండ్ల గురించి మాట్లాడుతూ ప్రాణం మాట ఎందుకు తెచ్చినామో పెద్దలు గ్రహించగలరు.

మనలో ఒక చిన్నచూపు ఉంది. పండ్ల డాక్టరు అంటే పీకేవాడు, పీకించుకోవడానికి తప్ప పోనక్కరలేదు అని. మన చరిత్ర తెలిస్తే ఈ మాట అనము. వెయ్యి సంవత్సరాల క్రితం స్పెయిన్‌లోని కుర్తుబాలో అబుల్ ఖాసిం అల్ జహ్రావీ అనే హకీము తన గ్రంథంలో పండ్ల గార గీకే పనిముట్ల బొమ్మలు గీసి చూపినాడు. మన దేశానికి వస్తే, డాక్టర్ రఫీయుద్దీన్ అహమద్ గారి పేరు మన పిల్లల్లో ఎందరికి తెలుసు? 1890లో తూర్పు బెంగాల్‌లో పుట్టి, అలీగఢ్‌లో చదివి, అమెరికా పోయి 1915లో అయోవా విశ్వవిద్యాలయంలో దంతవైద్య పట్టా పుచ్చుకున్నారు. ఆ తరువాత బోస్టన్ నగరంలో ఫోర్సిథ్ అనే దంత వైద్యశాలలో పనిచేసినారు. అది ప్రత్యేకంగా పిల్లల కోసం కట్టిన ఆసుపత్రి. స్వదేశం తిరిగివచ్చి 1920లో కలకత్తాలో దంతవైద్య కళాశాల స్థాపించినారు. దేశంలో అదే మొదటిది. దానికి డబ్బు ఎట్లా వచ్చింది? ఆయన కలకత్తాలో న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అని ఒక అంగడి పెట్టి ఆ ఆదాయంతో కళాశాల నడిపినారు. తీపి అమ్మి పండ్ల కళాశాల కట్టడం వింతగానే ఉంది గానీ, దానంగా వచ్చిన రూపాయి కోసం చేయి చాచకుండా తన కష్టంతో సంస్థను నిలబెట్టినారని మేము అర్థం చేసుకుంటున్నాము. మనవంటి సంఘాలు ఇది గమనించవలె. 1949లో ఆ కళాశాలను ప్రభుత్వానికి ఇచ్చేసినారు. 1964లో పద్మభూషణ్ వచ్చింది, 1965లో చనిపోయినారు. ఆయన పుట్టిన డిసెంబరు 24వ తేదీని దేశంలో దంతవైద్యుల దినంగా జరుపుకుంటున్నారు. మదర్సాలో, బడిలో ఆ రోజు ఒక గంట పిల్లల నోళ్ళు చూపించే ఏర్పాటు సంఘం చేయగలిగితే సంతోషిస్తాము.

మన ప్రాంతంలో నీళ్ళ సంగతి చెప్పకపోతే ఈ విషయం పూర్తి కాదు. మనది కరువు సీమ, చెరువు నిండితే పండుగ. బోర్లు లోతుకు పోయేకొద్దీ నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ ఉండే అవకాశం ఉంది. సరిహద్దుకు అవతల కోలారు జిల్లా, ఇటు అనంతపురం ఈ బాధ ఎరిగినవే. మన దేశంలో ఈ రోగాన్ని మొదట గుర్తించింది తెలుగు గడ్డ మీదనే. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన తోటివారు అప్పటి నెల్లూరు జిల్లాలో దర్శి, పొదిలి, కనిగిరి వైపు గ్రామాల్లో దీన్ని చూసి రాసినారు. నల్లగొండ కథ మీ అందరికీ తెలిసిందే. పేస్టులో కొద్దిగా ఉంటే మేలు చేసే ఫ్లోరైడే నీటిలో ఎక్కువగా ఉండి రోజూ కడుపులోకి పోతే పండ్ల మీద పసుపు, గోధుమరంగు మచ్చలు తెస్తుంది. విచిత్రమేమంటే, రెండేళ్ళప్పుడు తాగిన నీళ్ళు ఏడేళ్ళకు కనిపిస్తాయి. ఎందుకంటే ఆ వయసులో చిగురు లోపల తయారవుతున్న శాశ్వత పండ్లలో ఆ మచ్చ పడిపోతుంది. తరువాత ఎంత తోమినా పోదు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, 1.5 దాటితే తాగరాదు. మన వీధుల బోర్ల నీళ్ళు గ్రామీణ నీటి సరఫరా వారి ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఫలితం మసీదు బోర్డు మీద రాయించే బాధ్యత సంఘం యువకులు తీసుకోవలె. ఇటువంటిదే ఇంకో మచ్చ మందుల వల్ల వస్తుంది. టెట్రాసైక్లిన్ అనే మందు గర్భిణులకు, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు ఇస్తే పండ్లు రంగు మారిపోతాయి. దుకాణంలో అడిగి కొనే మాత్ర బిడ్డకు వేయకండి.

రంజాన్ నెలలో షర్బతు, పండుగకు షీర్ ఖుర్మా, ఉర్సులో షీర్నీ వద్దనే కఠినులం కాము. తీపి ఎంత తిన్నారనే దానికంటే ఎన్నిసార్లు తిన్నారనేది పండ్లకు ముఖ్యం. అన్నంతో పాటు ఒకసారి తిని నీళ్ళు పుక్కిలిస్తే కొంత మేలు. రోజంతా గంటకొక చాక్లెట్టు, బన్ను, పిప్పరమెంటు చప్పరిస్తే పన్నుకు తేరుకునే సమయమే ఉండదు. బిస్కత్తు తీపి కాదులే అనుకుంటారు, అది పండ్ల సందుల్లో అంటుకొని చక్కెరకంటే ఎక్కువసేపు ఉంటుంది. రాగిజావ, ఉడికించిన గుడ్డు, కొద్దిగా పెద్ద పిల్లలకు బొరుగులు, జామకాయ ఇవ్వండి. చెనిక్కాయలు మాత్రం నాలుగైదేళ్ళలోపు పిల్లలకు పొడిచేసి పెట్టండి, గింజ గొంతుకు అడ్డం పడుతుంది. ఊపిరి అందక పోయిన బిడ్డలున్నారు.

నెలకొకసారి పై పెదవి ఎత్తి చూడండి. చిగురు పక్కన పన్ను మీద సున్నపు గీతవంటి తెల్లటి చార కనపడితే అదే పుచ్చుకు మొదటి గుర్తు. నొప్పి ఉండదు గనుక ఎవరూ పట్టించుకోరు. ఆ దశలో చక్కెర మాన్పించి, పేస్టుతో రెండుపూటలా తోమి, డాక్టరు దగ్గర ఫ్లోరైడ్ పూత వేయిస్తే చాలావరకు ఆగిపోతుంది. గుంట పడినా భయం లేదు. పిల్లలకు మిషను పెట్టకుండానే పుచ్చును ఆపే సిల్వర్ డయామీన్ ఫ్లోరైడ్ అనే మందు ఇప్పుడు ఉంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అత్యవసర మందుల పట్టీలో చేర్చింది. పుచ్చిన చోటు నల్లబడుతుంది, అది ముందే తెలుసుకొని వేయించుకోండి. నిజానికి మొదటి పుట్టినరోజు లోపల బిడ్డను ఒకసారి దంతవైద్యునికి చూపించవలె. అంగన్‌వాడీకి, బడికి వచ్చి పిల్లలను పరీక్షించే ప్రభుత్వ కార్యక్రమం 2013 నుంచి ఉన్నది, అందులో పండ్ల పరీక్ష కూడా ఒక భాగం. ఆ డాక్టర్లు వచ్చిన రోజు బిడ్డను ఇంట్లో ఉంచుకోకండి. పెద్ద వైద్యం అవసరమైతే కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. దూరమే, కాదనము. అందుకే తెల్లచార దశలో చూడమనేది.

ఆరేళ్ళ వయసులో ఒక దవడపన్ను చివరి పాలపన్ను వెనక, ఏదీ రాలకుండానే, చప్పుడు లేకుండా వస్తుంది. అది శాశ్వతపు పన్ను. చాలామంది దాన్ని కూడా పాలపన్నే అనుకొని పుచ్చిపోనిస్తారు. ఒకటో తరగతిలో చేర్చిన సంవత్సరం అక్కడ కూడా తోముతున్నారో లేదో చూడండి.

చివరగా, పిల్లలు గోలీలాటలో, మేడ మెట్ల మీద పడి పన్ను ఊడగొట్టుకొని బడికి రావడం మామూలు. ఊడినది పాలపన్ను అయితే తిరిగి గుంటలో పెట్టకండి, కిందున్న పన్నుకు దెబ్బ. ఏడేళ్ళు దాటిన పిల్లల శాశ్వత పన్ను అయితే దాన్ని తెల్లటి భాగం దగ్గర మాత్రమే పట్టుకోండి, వేరు రుద్దవద్దు. మట్టి ఉంటే ఒక్క క్షణం నీటితో కడిగి, వీలైతే అదే గుంటలో పెట్టి గుడ్డ కొరకమనండి. లేకపోతే పచ్చిపాలల్లో వేసి మదనపల్లెకో పుంగనూరుకో గంటలోపల తీసుకుపోండి. పన్ను బతుకుతుంది. పాలు ప్రతి ఇంట్లో ఉంటాయి, బస్సు కోసం ఆగకుండా మోటారు సైకిలు ఉన్నవారిని పిలవండి.

తల్లులు అడగదలచుకున్నవి ఉంటే చీటీ రాసి పంపండి, డాక్టరు గారు వేదిక మీదనే ఉన్నారు. వస్సలామ్.